కసాంకాలో గబ్బిలాలు లేచే వేళ

జాంబియా వెళ్తున్నానని తెలిసినవాళ్ళంతా విక్టోరియా జలపాతం చూసి రమ్మన్నారు. చూడదగ్గదే, కాదనను. అయితే నవంబరు నాటికి జాంబేజీ నది బాగా తగ్గిపోతుంది. జాంబియా వైపు నీళ్ళకంటే నల్లటి బండే ఎక్కువ కనిపిస్తుంది. అదే నవంబరులో, అదే దేశంలో, లుసాకాకి ఈశాన్యంగా ఉన్న కసాంకా నేషనల్ పార్కులో ప్రతి సాయంత్రం ఆరు దాటగానే లక్షల గబ్బిలాలు ఒకే అడవి తునకలోంచి లేస్తాయి. పండ్లు తినే గబ్బిలాలు ఇంత పెద్ద గుంపుగా చేరే చోటు ఆఫ్రికా ఖండంలో ఇంకొకటి లేదు. ఉన్న సెలవులు కొద్దివి కాబట్టి ఏదో ఒకటే ఎంచుకోవాలి. నేను గబ్బిలాలనే ఎంచుకున్నాను.

లుసాకాలో మా చెల్లెలు వాళ్ళుంటారు. బావగారు అక్కడ అకౌంటెంటు. కసాంకా మాట ఎత్తగానే ఆయన కారు తీయడానికి సిద్ధమయ్యారు గానీ చెల్లెలికి మాత్రం మనసొప్పలేదు. "గబ్బిలాల కోసం ఐదొందల కిలోమీటర్లా అన్నయ్యా? ఇంట్లోకి ఒక్క గబ్బిలం దూరిందని అమ్మ శాంతి చేయించింది, మర్చిపోయావా?" అంది. మర్చిపోలేదు. పంతులుగారు వచ్చేదాకా మమ్మల్ని ఆ గదిలోకి అడుగు పెట్టనివ్వలేదు. ఆ గబ్బిలం తెల్లారేసరికి తన దారిన తను పోయింది. చెల్లెలు అంత మాట అన్నా, పొద్దున్నే లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది.

గ్రేట్ నార్త్ రోడ్డు పట్టుకుని కబ్వే, కపిరి మ్పోషి, మ్కుషి, సెరెంజె మీదుగా పోవాలి. దారిలో చూడాల్సినవి పెద్దగా లేవు. రాగి పలకలు వేసుకుని పోయే లారీల వెనక ఓపిగ్గా నడపడమే ఎక్కువ. కపిరి మ్పోషి దగ్గర మాత్రం కాసేపు ఆగాం. చైనావాళ్ళు 1970ల్లో కట్టిన టజారా రైలు దారి అక్కణ్ణుంచే టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ రేవుకి పోతుంది. సముద్రం లేని దేశానికి సముద్రం చూపించిన రైలు అది.

సెరెంజె దాటాక రోడ్డు పక్కన అమ్మకాలు మారిపోయాయి. అప్పటిదాకా బొగ్గు బస్తాలు, బకెట్లలో మామిడిపళ్ళు. ఇక్కడినుంచి పుట్టకొక్కులు. తొలకరి పడగానే చెదపుట్టల మీద మొలిచేవే, మనకి ఆషాఢంలో దొరికేవాటికి చుట్టాలే. అయితే ఇక్కడివి మీటరు వెడల్పు దాకా పెరుగుతాయట. తినదగ్గ పుట్టకొక్కుల్లో ప్రపంచంలో వీటికంటే పెద్దవి లేవు. ఒక పిల్లవాడు ఒక్కదాన్నే రెండు చేతులా పైకెత్తి చూపిస్తుంటే వాడి మొహం కనబడలేదు. కొన్నాం. ఆ రాత్రి క్యాంపు వంటవాడు ఉల్లిపాయ, టమాటా వేసి వండిపెట్టాడు. మాంసం తినేవాళ్ళకి కూడా మాంసం గుర్తురానంత రుచి.

ఆ పుట్టకొక్కుకీ మేము వెళ్తున్న పనికీ సంబంధం ఉంది. రెండింటికీ కారణం ఈ తొలి వానలే. అక్టోబరు చివర్లోనో నవంబరు మొదట్లోనో వానలు మొదలవుతాయి. అదే సమయంలో మియోంబో అని పిలిచే ఇక్కడి అడవుల్లో కాయలు పండుతాయి. మసుకు అనే పండు ముదురు పసుపు రంగులో, లోపల తియ్యటి గుజ్జుతో ఉంటుంది. రోడ్డు మీద పిల్లలు డబ్బాల్లో పోసి అమ్ముతారు. ముఫిన్సా అనేది ఇంకొకటి. చేతిలోకి తీసుకుని చూస్తే ఎక్కడో చూసినట్టే అనిపించింది. అది మన నేరేడు కుటుంబమే, అల్లనేరేడుకి వరసయ్యే చెట్టు. ఈ పండ్ల కోసమే ఉత్తరాన కాంగో అడవులనుంచి గబ్బిలాలు దిగుతాయి. అక్టోబరు చివర్లో ముందుగా కొన్ని వస్తాయి. నవంబరు మధ్యకి అడవి నిండిపోతుంది. డిసెంబరు గడిచేలోపే మళ్ళీ ఖాళీ.

కసాంకా పెద్ద పార్కు కాదు, 390 చదరపు కిలోమీటర్లే. సింహాలూ చిరుతలూ వరసగా చూపించే చోటు కూడా కాదు. అసలీ పార్కు ఇప్పటిదాకా మిగలడమే విశేషం. 1980ల నాటికి దొంగవేట ఎంత పెరిగిందంటే, ఇక్కడ జంతువులన్నీ అయిపోయాయని ప్రభుత్వం కూడా దాదాపు వదిలేసింది. 1985లో డేవిడ్ లాయిడ్ అనే బ్రిటిష్ ఆయన ఇక్కడికి వచ్చాడు. ఒకప్పుడు జిల్లా అధికారిగా పనిచేసినవాడు. వచ్చిన చోట ఆయనకు తుపాకి మోతలు వినిపించాయి. ఇంకెవరైనా అయితే భయపడి వెనక్కి తిరిగేవాళ్ళు. ఇంకా వేటాడుతున్నారంటే వేటాడటానికి ఇంకా ఏవో మిగిలే ఉన్నాయన్నమాట అని ఆయన లెక్క వేశాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను కలుపుకుని రోడ్లు వేయించి, కాపలా పెట్టించి, కసాంకా ట్రస్టుకి పునాది వేశాడు. ఆ తుపాకి మోతను ఆయన అర్థం చేసుకున్న తీరు నాకు చాలా నచ్చింది. ఆ రోజు ఆయన నిరాశపడి పోయి ఉంటే మేం చూసేందుకు ఏమీ ఉండేది కాదు.

దగ్గర్లోనే ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. స్కాట్లండ్ యాత్రికుడు డేవిడ్ లివింగ్‌స్టన్ 1873 మే నెలలో చనిపోయింది ఈ ప్రాంతంలోని చితాంబో ఊళ్ళోనే. ఆయన గుండెను అక్కడి చెట్టు కింద పాతిపెట్టి, దేహాన్ని చూమా, సుసి అనే అనుచరులు, తోటివాళ్ళతో కలిసి నెలల తరబడి మోసుకుంటూ సముద్ర తీరానికి చేర్చారు. చరిత్ర పుస్తకాలు లివింగ్‌స్టన్ నడకకి ఇచ్చినన్ని పేజీలు వీళ్ళ నడకకి ఇవ్వలేదు. అక్కడ ఆయన పేరున ఉన్న స్మారకం చూసేందుకు మాకు వెలుతురు చాలలేదు.

మధ్యాహ్నం మూడున్నరకల్లా పార్కు కాపలాదారు ఒకాయన తుపాకి భుజాన వేసుకుని మాతో బయల్దేరాడు. ఏనుగులు తిరిగే దారి కాబట్టి ఆయన లేకుండా ఎవర్నీ నడవనివ్వరు. నేలంతా తడి. గడ్డి మోకాలిదాకా ఉంది. కొంతదూరం పోయాక నాకు ముందు వాసన తగిలింది. పాత గుడి గోపురంలోకి తొంగిచూసిన ప్రతి తెలుగువాడికీ తెలిసిన వాసనే, కాకపోతే ఇక్కడ పండ్ల పులుపు కూడా కలిసింది. ఆ తర్వాత శబ్దం. కీచుమంటూ, గొణుగుతూ, కసురుకుంటూ ఆగకుండా వస్తోంది. ఇంకా చెట్లు కనబడకముందే ఆ రొద చెవుల్లో నిండిపోయింది.

అప్పుడు కనబడింది అడవి. ఇంత చిన్నదా అనిపించింది. ముషితు అంటారు దీన్ని. వాగు పక్కన, వేళ్ళు నీళ్ళలో నానుతూ, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చిత్తడి అడవి. చుట్టూ మైళ్ళకొద్దీ మియోంబో అడవి ఉన్నా, గబ్బిలాలు పగలు తలదాచుకునేది మాత్రం ఈ ముషితులోనే, అందులోనూ రెండు మూడు ఎకరాలకు మించని భాగంలో. ఈ చెట్ల నీడ, ఈ తేమ వాటికి కావాలి. ఆ భాగంలో ఆకు రంగు దాదాపు కనబడలేదు. ప్రతి కొమ్మకీ పైనుంచి కిందిదాకా గబ్బిలాలే. వాటికి పట్టుకోవడానికి కొమ్మ కూడా దొరక్క ఒకదాన్ని ఒకటి ఆనుకుని గుత్తులుగా వేలాడుతున్నాయి.

మమ్మల్ని లోపలికి తీసుకుపోలేదు. అదే మంచిది. మనిషి అలికిడికి అవి పగలంతా లేచి తిరిగితే రాత్రి ఎగరడానికి సత్తువ ఉండదు. అడవి అంచున ఒక పెద్ద చెట్టు మీద చెక్కలతో మంచె కట్టారు. నిచ్చెన మీద జాగ్రత్తగా ఎక్కాలి. పైకి వెళ్ళాక గొంతు తగ్గించమని కాపలాదారు సైగ చేశాడు. బావగారు బైనాక్యులర్లు నా చేతికిచ్చి, "ముందు మీరు చూడండి బావగారూ," అన్నారు.

దగ్గర్లో ఉన్న ఒక కొమ్మ మీదికి తిప్పాను. అందులో ఒకదాని మీదే చూపు నిలిపి చాలాసేపు చూశాను. మన ఊళ్ళలో మర్రిచెట్లకి వేలాడే పెద్ద గబ్బిలం కంటే ఇది బాగా చిన్నది. రెక్కలు చాస్తే రెండున్నర అడుగులు, బరువు పావుకిలో పైన. మెడ చుట్టూ, భుజాల మీద వరిగడ్డి రంగు బొచ్చు. రెక్కలు మాత్రం నలుపు. మొహం అచ్చంగా కుక్కపిల్లదే. కళ్ళు పెద్దవి, గోధుమ రంగువి, పూర్తిగా తెరిచే ఉన్నాయి. గబ్బిలానికి కళ్ళు కనబడవని మనవాళ్ళు అంటుంటారు గానీ, ఈ జాతి దారి వెతుక్కునేది కళ్ళతోనే, పండు వెతుక్కునేది ముక్కుతో. పురుగులు తినే చిన్న గబ్బిలాల్లాగా కూత వేసి ప్రతిధ్వని వినే పద్ధతి దీనికి లేదు.

అది ఒక రెక్కను నెమ్మదిగా విప్పింది. వెలుతురుకి ఆ పొర వెనకనుంచి ఎర్రగా, అందులో సన్నటి నరాలు పాయలు పాయలుగా కనిపించాయి. రెక్క మడతల్లో మూతి పెట్టి ఆ చివరనుంచి ఈ చివరదాకా నాకి శుభ్రం చేసుకుంది. పక్కనున్నది మీదకి జరిగితే బొటనవేలి గోరుతో నెట్టింది. కాసేపటికి ఆ రెండు బొటనవేళ్ళతోనే కొమ్మను పట్టుకుని, కాళ్ళు వదిలేసి, తల పైకి కాళ్ళు కిందికి అయ్యేట్టు వేలాడి, ఒంటికి తగలకుండా మూత్రం పోసి, మళ్ళీ తలకిందులుగా తిరిగి సర్దుకుంది. అంత శుభ్రం పాటించే ప్రాణిని మనం అపవిత్రమంటాం. పాడుబడ్డ ఇంటి గురించి చెప్పాలంటే గబ్బిలాలు తిరుగుతున్నాయంటాం. ఇల్లు పాడుపెట్టింది మనుషులు. ఎవరూ లేరు కదా అని అవి వచ్చి ఉన్నాయి, అంతే.

మంచె కింద నేలమీద నారలాంటి పిప్పి ముద్దలు పడి ఉన్నాయి. అవి పండు కొరికి, నోట్లో నలిపి, రసం మింగి, పిప్పి ఊసేస్తాయి. చిన్న గింజలు మాత్రం రసంతోపాటే లోపలికి పోతాయి. ఈ గింజల సంగతి తర్వాత చెప్తాను. అడవంతా దానిమీదే ఆధారపడి ఉంది.

ఐదు దాటాక గద్దలు వచ్చాయి. ఒక యుద్ధ డేగ, ఆఫ్రికాలో అన్నిటికంటే పెద్ద డేగల్లో ఒకటి, ఎండిన కొమ్మ మీద వాలి కదలకుండా కూర్చుంది. ఇంకా దూరంగా తెల్లటి తలతో చేపగద్దలు. చేపలు పట్టేవి కూడా ఈ నెలంతా గబ్బిలాల మీదే బతుకుతాయట. కింద చిత్తడిలో మొసళ్ళు, ఉడుములు. బరువుకి కొమ్మ విరిగి పడితే వాటికి విందు. మేము మంచె మీదున్నప్పుడే ఎక్కడో లోపల ఒక కొమ్మ ఫెళ్ళున విరిగింది. ఆ మూలనుంచి వందల గబ్బిలాలు ఒక్కసారి లేచి, అరుచుకుంటూ తిరిగి, వేరే కొమ్మల్లో చోటు కోసం కొట్లాడి సర్దుకున్నాయి.

సూర్యుడు దిగాడు. రొద ఒక్కసారిగా పెరిగింది. కొమ్మల మీద ఉన్నవన్నీ రెక్కలు విదిలిస్తున్నాయి. పొంగు రాబోయే పాలగిన్నెలా అడవి అంచులన్నీ కదలడం మొదలుపెట్టాయి. ముందు పదో పాతికో పైకి లేచి, చెట్లమీద ఒక చుట్టు చుట్టి, మళ్ళీ దిగాయి. కాపలాదారు వాచీ చూసుకుని వేలు పైకెత్తాడు.

తర్వాత జరిగింది చెప్పడానికి వరస దొరకదు. కొమ్మలు వదిలేసిన గబ్బిలాలు ఒక అడుగు కిందికి జారి, రెక్క విప్పి, పైకి లేస్తున్నాయి. వేలు కాదు, లక్షలు. అడవి ఒక పక్కనుంచి మొదలైందనుకుంటే వెంటనే అన్ని పక్కలనుంచీ లేచాయి. గుంపు విడిపోయి పాయలైంది. ఒక పాయ తూర్పుకి, ఒకటి దక్షిణానికి, ఒకటి సరిగ్గా మా తలలమీదుగా. తల ఎత్తితే ఆకాశం ఉన్న చోట ఆకాశం లేదు. అప్పటిదాకా చెవులు నిండిన కీచుశబ్దం పోయింది. ఎగిరేటప్పుడు అవి దాదాపు అరవవు. మిగిలింది రెక్కల శబ్దమే. గాలి మొహానికి తగిలింది. అవి కొట్టే రెక్కల గాలే అది. యుద్ధ డేగ కొమ్మ వదిలి, పాయలోకి దూరి, బయటికి వచ్చేసరికి దాని కాళ్ళలో ఒకటి ఉంది. పాయ మాత్రం ఆగలేదు, వంకర కూడా తిరగలేదు.

నేను మాట్లాడలేకపోయాను. బావగారు కూడా. అరగంట దాకా అలా పోతూనే ఉన్నాయి. చివర్లో ఎర్రటి పడమటి దిక్కు మీద ఒక్కొక్కటిగా, విడివిడిగా కనిపించి, దూరమై, చీకట్లో కలిసిపోయాయి. అప్పుడు బావగారు, "ఇన్నేళ్ళనుంచి ఈ దేశంలో ఉన్నాను బావగారూ, దీని గురించి ఒక్కరూ నాకు చెప్పలేదు," అన్నారు. ఆ గొంతులో కోపం కూడా ఉంది.

ఎన్ని ఉంటాయని అడిగితే, చాలాకాలంగా 80 లక్షలనుంచి కోటి అని చెప్తూ వస్తున్నారు. అది కంటితో వేసిన అంచనా. తర్వాత శాస్త్రవేత్తలు అడవి చుట్టూ కెమెరాలను ఆకాశం వైపు తిప్పి పెట్టి, వీడియోలో ఒక్కొక్క గబ్బిలాన్నీ కంప్యూటర్ చేత గుర్తుపట్టించి లెక్కించారు. ఏడున్నర లక్షలనుంచి పది లక్షల దాకా తేలింది. పాత అంచనాకీ కొత్త లెక్కకీ పద్ధతి వేరు కాబట్టి, ఇంత తగ్గిపోయాయని అనడానికి లేదు. నాకైతే కొత్త లెక్కే నచ్చింది. కోటి అంటే ఆశ్చర్యపడి ఊరుకుంటాం. లెక్కపెట్టిన పది లక్షలైతే వచ్చే ఏడాది ఎన్ని వచ్చాయో పోల్చి చూడొచ్చు. పది లక్షలే అనుకున్నా, ఒక్కొక్కటి పావుకిలో వేసుకున్నా, ఆ రెండు మూడు ఎకరాల కొమ్మల మీద 250 టన్నుల బరువు వేలాడుతున్నట్టు. కొమ్మలు విరగవా మరి!

తెల్లవారుజామున మళ్ళీ వెళ్ళాం. చాలామంది సాయంత్రం ఒక్కటీ చూసి వెళ్ళిపోతారు. దయచేసి అలా చేయకండి. తిరిగి రావడం ఇంకా బాగుంటుంది. సాయంత్రం అందరికీ తొందర, ఆకలి. తెల్లవారుజామున నాలుగు దిక్కులనుంచీ పాయలు వచ్చి, పొగమంచు పైన తీరిగ్గా తిరిగి, ఒక్కొక్కటీ తన చోటు వెతుక్కుని దిగుతాయి. వెలుతురు పెరుగుతూ ఉంటుంది కాబట్టి రంగులు కూడా కనిపిస్తాయి. తూర్పు వెలుగు వెనకనుంచి పడి రెక్కల ఎముకలు కూడా లెక్కపెట్టేట్టు ఉన్నాయి. ఒక రాత్రిలో అవి పదుల కిలోమీటర్లు తిరిగి, కడుపు నింపుకుని, మళ్ళీ ఆ చిన్న తునకకే గురి తప్పకుండా చేరతాయి.

అంతకంటే పెద్ద ప్రయాణం వేరే ఉంది. ఇక్కడ కొన్ని గబ్బిలాలకి ఉపగ్రహానికి సంకేతాలు పంపే చిన్న పరికరాలు కట్టి వదిలితే, అవి ఉత్తరానికి మళ్ళి కాంగోలోకి పోయాయి. ఒకటి ఐదు నెలల్లో 2,500 కిలోమీటర్లకు పైగా ఎగిరినట్టు 2008లో వచ్చిన పరిశోధనలో రాశారు. అది చదివినప్పుడు నాకు మన కవి గుర్రం జాషువా గుర్తొచ్చాడు. 1941లో 'గబ్బిలం' కావ్యంలో ఆయన, గుడిలోకి రానివ్వని అరుంధతీసుతుడి గోడు శివుడికి చెప్పమని పంపింది హంసనో మేఘాన్నో కాదు, గబ్బిలాన్ని. ఆ మనిషికి దారి లేని గర్భగుడిలోకి దానికి దారి ఉందని పంపాడు. అంత దూరం పోగలదని కూడా సరిగ్గానే నమ్మాడు.

ఇప్పుడు గింజల సంగతి. ఇదే జాతి గబ్బిలాలు పడమటి ఆఫ్రికాలో ఘనా రాజధాని అక్రాలో కూడా, ఊరి మధ్య చెట్లమీద ఉంటాయి. అక్కడి ఒకటిన్నర లక్షల గబ్బిలాల మీద పరిశోధన చేసినవాళ్ళు, అవి ఒక్క రాత్రిలో మూడు లక్షలకు పైగా చిన్న గింజలను దూరదూరాలకు వెదజల్లుతున్నాయని 2019లో లెక్కతేల్చారు. చాలా పక్షులు, కోతులు గింజను చెట్టు దగ్గర్లోనే వేస్తాయి. నరికేసిన బీడు దాటడానికి కోతి జంకుతుంది. గబ్బిలానికి ఆ జంకు లేదు, బీడు మీదుగానే ఎగురుతూ రెట్ట వేస్తుంది. అందుకే నరికిన చోట మళ్ళీ మొదటి మొక్క మొలవడానికి ఇవే ఆధారం. కసాంకాలో ఉన్నవి అక్రా గుంపుకి ఎన్నో రెట్లు. కాంగోనుంచి జాంబియా దాకా ఆ దారిలో మొలిచే ఎన్ని చెట్లు వీటి పుణ్యమో ఆలోచించండి.

ఇంత పనిచేసే ప్రాణి నిలబడింది రెండు మూడు ఎకరాల మీద. నాకు కసాంకాలో మిగిలిన బెంగ అదే. ఎండాకాలంలో చుట్టుపక్కల పెట్టే మంటలు చిత్తడి అడవి అంచులను కొరుకుతుంటాయి. పార్కువాళ్ళు మంట దాటకుండా చుట్టూ గడ్డి చెక్కి బాటలు వేస్తున్నారు. పార్కు సరిహద్దు పక్కనే పెద్ద పొలాల కోసం అడవి నరకడం మీద తగాదా నడిచింది. పార్కు గీత లోపల చెట్టు మిగిలితే చాలదు. గీత బయట మసుకు కూడా మిగలాలి. ఘనాలో ఏటా లక్షకు పైగా ఈ గబ్బిలాలను మాంసానికి అమ్ముతున్నట్టు లెక్కలున్నాయి. ఈ జాతి ఇప్పటికే ముప్పు అంచున ఉన్నవాటి జాబితాలో ఉంది. గుంపు పెద్దది కాబట్టి భయం లేదనుకోవడానికి వీల్లేదు. అన్నీ ఒకే చోట చేరేవాటికి ఆ ఒక్క చోటు పోతే చాలు.

తిరుగు ప్రయాణమంతా నేను మన చెట్ల గురించే ఆలోచించాను. మన దగ్గర కూడా చెరువుగట్టు మర్రి మీదో, గుడి వెనక రావి మీదో, ఊరి బయట చింతల మీదో పెద్ద గబ్బిలాలు తరతరాలుగా ఉంటాయి. ఇప్పచెట్టు పువ్వు రాత్రి విచ్చుకుంటే దాని దగ్గరికి వచ్చేది ఇవే, ఇప్పపండు మోసుకుపోయి గింజ దూరంగా పడేసేదీ ఇవే. గిరిజనులకి ఇప్పచెట్టు ఏమిటో నేను చెప్పక్కర్లేదు. అయినా 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో పండ్ల గబ్బిలాలను ఎలుకలు, కాకులతో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టారు. చంపినా అడిగేవాడు ఉండేవాడు కాదు. 2022లో చట్టాన్ని సవరించి ఆ జాబితానే తీసేశారు. యాభై ఏళ్ళు పట్టింది.

2018లో కేరళలో నిపా వైరస్ వచ్చాక, గబ్బిలాలున్న చెట్లు కొట్టేయాలనే మాట చాలాచోట్ల వినబడింది. ఆ వైరస్ వాటిలో ఉంటుందనేది నిజం. వాటిని ముట్టుకోకూడదు, అవి కొరికి వదిలిన పండు తినకూడదు. అయితే చెట్టు కొట్టడం వల్ల ఆ ముప్పు తగ్గదు, పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో గబ్బిలాలనుంచి గుర్రాలకు సోకే హెండ్రా అనే ఇలాంటి వైరస్ మీద పాతికేళ్ళ సమాచారం పరిశీలించిన శాస్త్రవేత్తలు 2022లో చెప్పింది అదే. అడవిలో పూత ఉన్నప్పుడు గబ్బిలాలు అడవిలోనే ఉన్నాయి, వైరస్ గుర్రాలకు సోకలేదు. అడవి పోయి, తిండి దొరక్కపోతే చిన్న చిన్న గుంపులుగా విడిపోయి పొలాలకీ ఇళ్ళకీ చేరాయి, జబ్బు కూడా వాటితోనే వచ్చింది. గబ్బిలాన్ని దాని చెట్టు మీద ఉండనివ్వడం మన ఆరోగ్యానికి కూడా మంచిది.

కసాంకా వెళ్ళగలిగినవాళ్ళు నవంబరు మధ్యనుంచి డిసెంబరు మొదటి వారం లోపు వెళ్ళండి. మలేరియా మందు మర్చిపోకండి, టోపీ పెట్టుకోండి, రెండు పూటలూ మంచె ఎక్కండి. వెళ్ళలేనివాళ్ళు మీ ఊరి గబ్బిలాల చెట్టు దగ్గరికి ఒక సాయంత్రం వెళ్ళి కూర్చోండి. ఎన్ని లేస్తున్నాయో లెక్కపెట్టండి. అది ఏ చెట్టో, ఎవరి స్థలంలో ఉందో, ఎన్నున్నాయో కాగితం మీద రాసి పంచాయతీలోనూ అటవీశాఖ కార్యాలయంలోనూ ఒక్కొక్క ప్రతి ఇవ్వండి. రేపు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ చెట్టుకి గుర్తు వేయడానికి వచ్చే మనిషి చేతిలో ఆ కాగితం ఉండాలి.